టేర్నా కడుపులో ఆకుపచ్చ నూనె

మా కాల్వీక్ రేవులో అక్టోబరు వస్తోందంటే సంతోషించే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతని పేరు ఇంగ్వే హెల్‌గ్రెన్. ఆ నెల మొదటి శనివారం క్రేను వచ్చి, నీళ్లలో ఉన్న పడవలన్నిటినీ వరసగా ఒడ్డుకు ఎత్తి దిమ్మెల మీద కూర్చోబెడుతుంది. వేసవి అయిపోయిందన్న దిగులుతో మేమందరం తాళ్లు పట్టుకుని నిలబడితే, ఇంగ్వే చేతులు రుద్దుకుంటూ వచ్చేవాడు. అతని లెక్కలో పడవతో అసలు కాలక్షేపం అప్పుడే మొదలవుతుంది.

అతని పడవ పేరు టేర్నా. తొమ్మిది మీటర్ల పాత తెరచాప పడవ, తండ్రి కొన్నది. తండ్రి పోయాక అది అన్నదమ్ములిద్దరికీ చెరి సగమైంది. అన్న టాగే స్టాక్‌హోమ్‌లో పళ్ల డాక్టరు. తమ్ముడు ఇంగ్వే ఇక్కడే కాగితం మిల్లులో పని చేసి రిటైరయ్యాడు. జూన్, జూలై నెలల్లో పడవ టాగేది. ఆగస్టు నుంచి ఇంగ్వేది. ఎవరి చేతిలో ఏడాది ముగుస్తుందో వాళ్లే దాన్ని చలికాలానికి సిద్ధం చేయాలన్నది తండ్రి పెట్టిన పద్ధతి. ఆయన దాన్ని న్యాయమనుకునే పెట్టి ఉంటాడు. ఆచరణలో మాత్రం ఎండంతా టాగేకీ, మసి అంతా ఇంగ్వేకీ దక్కింది.

ఇంగ్వే దీన్ని ఎన్నడూ నష్టంగా తలచలేదు. పడవను పడుకోబెట్టే పని ఎవరైనా లాక్కుంటారేమోనన్నదే అతని భయం. ఆ పనిలో అతను అన్నిటికంటే నిష్ఠగా చూసుకునేది డీజిల్ ట్యాంకును. అది వెనుక కూర్చునే చోట పలకల కింద ఉంటుంది. ఎనభై లీటర్లు పడుతుంది. సగం ఖాళీగా వదిలేస్తే పై భాగంలో తేమగాలి చేరుతుంది. రాత్రి చలికి ట్యాంకు గోడలు చల్లబడి లోపల నీటి చెమ్మ పడుతుంది. ఆ నీరు నూనె కంటే బరువు గనుక అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. వసంతకాలానికి అడుగున ఒక నీటి పొర సిద్ధం. అందుకే అతను ట్యాంకును మూతి దాకా నింపి, గాలికి చోటు లేకుండా చేసేవాడు. తరువాత ఫిల్టరు మార్చి, దాని కింద ఉన్న గాజు గిన్నెలోని నీటిని వదిలి, ఇంజనును కాసేపు నడిపి, గాలి గొట్టం మూతికి నైలాన్ గుడ్డ కట్టేవాడు. రేవులో చాలామంది అతన్ని చూసి నేర్చుకున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి.

పని అయిన సాయంత్రం టాగే ఫోన్ చేసేవాడు. ఆ సంభాషణ ఏటా దాదాపు ఒకటే.

"ఏరా, ముసలిదాన్ని పడుకోబెట్టావా?"

"కడుపు నిండా పట్టించి పడుకోబెట్టాను."

"ఇంకెన్నాళ్లురా ఈ చాకిరీ? అమ్మేద్దాం. ఇద్దరికీ మోకాళ్లు పోయాయి."

"పోయింది నీ మోకాళ్లు. నావి బాగానే ఉన్నాయి."

టాగే నవ్వేవాడు. ఇంగ్వే మాత్రం ఫోన్ పెట్టేశాక మళ్లీ రేవుకు వెళ్లి టేర్నా కప్పు తాళ్లు సరిచూసి వచ్చేవాడని అతని భార్య గున్‌వోర్ చెప్పింది. అమ్మేద్దామన్న మాట మొదట్లో హాస్యంగా ఉండేది. ఏడాదికేడాది అందులో హాస్యం తగ్గుతూ వచ్చింది. పిల్లలు లేని ఇంగ్వేకి టేర్నా ఒక్కటే మిగిలిన వ్యాపకం. దాని నుంచి తనను వేరు చేయడానికి అన్నకు ఏ సాకూ దొరకకూడదు. అంత జాగ్రత్తపడిన మనిషి ఆ సాకును తానే చేతికి అందించాడు.

ఆ ఏడాది వేసవి చివర ఇంగ్వే ఇల్లు వేడి చేసే నూనె బాయిలరు తీయించి, బదులుగా కరెంటుతో నడిచే హీట్ పంపు పెట్టించాడు. కింది గదిలో పాత నూనె ట్యాంకు మిగిలింది. అందులో ఇంకా జానెడు లోతున నూనె ఉంది. పంపు బిగించిన కుర్రాళ్లు, ఫలానా కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చి పీల్చుకుపోతారని చెప్పి వెళ్లారు. ఇంగ్వే ఫోన్ చేయలేదు. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు కూడా పారబోయని ఇంట్లో పెరిగినవాడు అతను.

"వాళ్లకి ఫోన్ చేశావా?" అని గున్‌వోర్ అడిగింది.

"వాళ్లు పట్టుకెళ్లి ఏం చేస్తారు? ఎక్కడో కాల్చేస్తారు. మనమే కాల్చుకోలేమా?"

"దేంట్లో కాలుస్తావ్? బాయిలరు పీకించేశావుగా."

"టేర్నా ఉందిగా."

"బాగుంది! పాతికేళ్ల మడ్డి తీసుకెళ్లి ఆ ముద్దుల పడవకి తాగిస్తావా? నిన్నటి సూప్ వేడి చేసి పెడితే నా మీద మొహం ముడుస్తావే!"

"వడకట్టి పోస్తాలే. నూనె నూనేగా."

రసాయన దృష్టితో చూస్తే ఆ మాటలో తప్పు తక్కువ. ఇల్లు వేడి చేసే నూనె, డీజిల్ దాదాపు ఒకే పదార్థం. తేడా రంగులో ఉంది: ఇంటి నూనె మీద పన్ను తక్కువ గనుక గుర్తుగా ఆకుపచ్చ రంగు కలుపుతారు, విహారానికి వాడే పడవల్లో దాన్ని పోయడం నిషేధం. ఇంగ్వేకి ఆ సంగతి తెలుసు. టేర్నా ట్యాంకులో ఉన్న మంచి డీజిల్‌తో కలిస్తే రంగు పలచబడుతుందని, వచ్చే వేసవికి కాలిపోతుందని సర్దిచెప్పుకున్నాడు. అతను లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది. నిండు ట్యాంకులో పైనుంచి తోడితే తేట నూనె వస్తుంది. జానెడు లోతున మిగిలినదాంట్లో పైపొర అంటూ లేదు, ఉన్నదంతా అడుగే.

అతను డబ్బాల్లోకి తోడి, వారం రోజులు కదలకుండా ఉంచి, మందపాటి బట్టలో వడకట్టి, క్రేను రోజు తరువాతి సోమవారం ఎవరూ లేనప్పుడు తెచ్చి పోశాడు. ట్యాంకు మూతి దాకా నిండింది. ఆ సాయంత్రం కూడా టాగే ఫోన్ చేశాడు, ఇంగ్వే కడుపు నిండా పట్టించానన్నాడు.

చలికాలమంతా ఏమీ కాలేదు. చలిలో ఏదీ పెరగదు. ఏప్రిల్ చివర పడవను నీటిలోకి దించి ఇంజను నడిపినప్పుడు, గాజు గిన్నెలో టీ పొడి లాంటి నల్లని రవ్వలు కనిపించాయి. ఇంగ్వే ఫిల్టరు మార్చి గిన్నె ఖాళీ చేశాడు. పది రోజుల తరువాత రవ్వలు మళ్లీ వచ్చాయి, ఈసారి కాస్త జిగటగా. ట్యాంకంతా ఖాళీ చేసి కడగవలసిన సమయం అదే. అలా చేస్తే ఆ ఆకుపచ్చ నూనెను అప్పగించడానికి పారిశుద్ధ్య కేంద్రానికి వెళ్లాలి, అది ఎక్కడిదో చెప్పాలి, ఆ సంగతి రేవులో పాకుతుంది. జూన్ దగ్గరపడుతోంది. అతను కడగలేదు, అన్నకు ఫోన్ చేశాడు.

"టాగే, బయల్దేరే ముందు ఫిల్టరు మార్చు. కొత్తవి రెండు మెట్ల కింద పెట్టెలో పెట్టాను. రోజూ పొద్దున్నే గాజు గిన్నెలోంచి కాస్త వదిలెయ్."

"ఏ గాజు గిన్నె?"

"ఇంజను పక్కన ఉంటుంది. మూత ఎత్తితే కనిపిస్తుంది."

"మూత కూడా ఎత్తాలా?"

"ముప్పై ఏళ్లుగా నడుపుతున్నావు ఈ పడవని. ఒక్కసారి ఎత్తు, అది కరవదు."

"సరేలే. ఎందుకు, డీజిల్ బాగోలేదా?"

పక్కనే కూర్చుని అల్లుకుంటున్న గున్‌వోర్, తన భర్త అక్కడ ఒక్క క్షణం ఆగడం గమనించింది.

"కొంచెం పాతబడింది, అంతే," అన్నాడు ఇంగ్వే.

జూన్ మూడో వారంలో టాగే, అతని భార్య కలిసి స్టెన్‌సుండ్ అనే జలసంధిలోకి వెళ్లారు. ఎదురుగాలి గనుక తెరచాపలు దించి ఇంజనుతో నడుపుతున్నారు. బయటి సముద్రంలో వచ్చిన ఊపుకు ట్యాంకు అడుగున ఉన్న మడ్డి అంతా పైకి లేచింది. ఇరుకు మలుపులో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తెరచాప ఎత్తడానికి వ్యవధి లేకపోయింది. గాలి పడవను పక్కకు నెట్టి రాయి మీదకు ఎక్కించింది. చుక్కాని వంగింది, అడుగు దూలం దగ్గర పగులు పట్టింది, టాగే భార్య తూలిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. లాక్కెళ్లడానికి వచ్చిన కోస్ట్ గార్డు మనిషి ఫిల్టరు విప్పి, అందులోని నూనెను సీసాలోకి వంపి వెలుతురుకు ఎత్తి చూశాడు. రంగు ఇంగ్వే అనుకున్నంత పలచబడలేదు.

వారం తరువాత ఇంగ్వే ఒక జాడీతో మా ఇంటికి వచ్చాడు. నేను ఊరి నీటి సరఫరా ప్రయోగశాలలో పని చేస్తాను. జాడీలో పైన నూనె, కింద వేలెడు నీరు, రెండింటి మధ్య గోధుమరంగు తెట్టె.

"ఇదేంటో చెప్పు," అన్నాడు.

చూసి చెప్పాను. బూజు, బాక్టీరియా; నూనె తింటాయి, నీటిలో బతుకుతాయి, రెండూ కలిసే చోట తెట్టెలా పెరుగుతాయి.

"బట్టలో వడకట్టినా?"

"బట్టలోంచి పోతాయి. కంటికి ఆనని పరిమాణం."

అతను తల ఆడించాడు. "అయితే నేను పోసింది నూనె కాదన్నమాట, విత్తనాలు."

"టాగే ఫిల్టరు మార్చాడా?"

"లేదు. రెండూ ప్లాస్టిక్ కూడా చింపకుండా అలాగే ఉన్నాయి. నేనే చూశాను."

"మార్చి ఉంటే ఆ మలుపు దాటేవాళ్లేమో. కచ్చితంగా చెప్పలేను."

"అది ఎవరికీ చెప్పకు," అన్నాడు. "నూనె పోసింది నేను. ఫిల్టరు మాట ఎత్తితే తప్పించుకోవడానికి చెప్తున్నాననుకుంటారు."

నేను చెప్పలేదు. అతనూ చెప్పలేదు. టాగే మాత్రం జూలై మొదటి ఆదివారం రేవుకు వచ్చి, జెట్టీ మీద కనీసం డజను మంది ఉండగా చెప్పాల్సిందంతా చెప్పాడు.

"పొయ్యిలో పోసే నూనె పోశావా దానికి! చెత్త డబ్బా అనుకున్నావా నాన్న పడవని?"

"టాగే, పక్కకొచ్చి మాట్లాడుకుందాం."

"ఎందుకు పక్కకి? ఇక్కడ అందరూ నీ శిష్యులేగా! వినండయ్యా, ట్యాంకు నింపడమెలాగో మీ గురువుగారు మా ఆవిడ చెయ్యి విరగ్గొట్టి చూపించారు!"

ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు కూడా. మా దగ్గర అలాంటప్పుడు అందరికీ ఏదో ఒక తాడు చుట్టాల్సిన పని గుర్తొస్తుంది. ఇంగ్వే చేతులు జేబుల్లో పెట్టుకుని ఎర్రబడిన మొహంతో నిలబడ్డాడు.

ఆకుపచ్చ నూనె కారణంగా బీమా వాళ్లు తమకు బాధ్యత లేదన్నారు. మరమ్మతు టాగే తన ఖర్చుతో, తన ఇంటి దగ్గరి పడవల షెడ్డులో చేయిస్తానన్నాడు. దానికి బదులుగా తమ్ముడి సగం తన పేరున రాయమన్నాడు. ఇంగ్వే సంతకం పెట్టాడు. పెడుతూ ఒక్కటే అడిగాడు.

"ఎవరి పేరున ఉంటే ఏంలే. అక్టోబరులో పడుకోబెట్టడానికి మాత్రం నన్ను రానియ్యి."

"చూద్దాం," అన్నాడు టాగే.

ఆ 'చూద్దాం' మీద ఇంగ్వే వేసవి గడిపాడు. రేవులోకి వచ్చేవాడు, ఖాళీగా ఉన్న తన చోటు దగ్గర తాళ్లు సరిచేసేవాడు. మేము పలకరించేవాళ్లం, వాతావరణం గురించి మాట్లాడేవాళ్లం. ట్యాంకుల గురించి ఆ ఏడాది అతన్ని ఒక్కరూ సలహా అడగలేదు. అతనికి అది తెలుస్తూనే ఉండేది.

సెప్టెంబరు నెల మధ్యలో ఫోన్ వచ్చింది.

"ఇంగ్వే, ట్యాంకు కడగాలి. లోపల నల్లగా ఉందట. షెడ్డు వాళ్లకి ఆ మూత ఎలా తెరవాలో అంతు చిక్కట్లేదు. రాగలవా?"

"రేపు పొద్దున బస్సుకి వస్తా."

"అంత తొందరేం లేదు..."

"రేపే వస్తా."

గున్‌వోర్ ఆ రోజు అతనికి దాల్చినచెక్క బన్నులు చేసి కట్టి ఇచ్చింది. చాలా నెలల తరువాత అతను ఈల వేస్తూ పనిముట్లు సర్దుకున్నాడని ఆమె నాతో చెప్పింది.

అక్కడ రెండు రోజులు పని చేశాడు. ఆ ట్యాంకును కడగడానికి తెరిచే మూత నేరుగా చేతికి అందదు. ముందు పడవ లోపలి వంట పొయ్యి విప్పి, దాని వెనుక పలక తీసి, పక్కకు పడుకుని ఒక చెయ్యి మాత్రమే లోపలికి పెట్టి స్క్రూలు విప్పాలి. నూనె అంతా తోడి డబ్బాలకు ఎత్తాడు. అడుగున మిగిలిన జిగటను రబ్బరు పలకతో గీకి, పోగులు రాలని గుడ్డలతో తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడిచాడు. గొట్టాలు మార్చాడు. రెండో రోజు మధ్యాహ్నానికి ట్యాంకు లోపలి లోహం మెరిసింది. లైటు వేసి చూస్తే మూలల్లోని అతుకు గీతలు కూడా కనిపిస్తున్నాయి.

టాగే కాఫీ తెచ్చి ఇస్తూ, పక్కన చతికిలబడి, ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటోలు తీశాడు. కడగకముందు ఒకటి, మధ్యలో ఒకటి, అయ్యాక లైటు వేయించి నాలుగైదు.

"ఇన్నాళ్లకి నేర్చుకోవాలనిపించిందా?" అన్నాడు ఇంగ్వే నవ్వుతూ.

"చూస్తుంటే బాగుంది. కాస్త చెయ్యి పక్కకి తియ్యి, నీడ పడుతోంది."

"వచ్చే ఏడాది నీ చేతే విప్పిస్తా."

టాగే ఇంకో ఫొటో తీసుకున్నాడు. కాఫీ మంచిది, బన్నులు అయిపోయాయి, ఇద్దరూ తండ్రి గురించి రెండు మాటలు కూడా మాట్లాడుకున్నారు. జెట్టీ మీది మాటలు ఎవరూ ఎత్తలేదు. ఇంగ్వే దాన్ని క్షమాపణగానే తీసుకున్నాడు. మా మనుషుల్లో క్షమాపణలు చాలావరకు అలాగే ఉంటాయి గనుక అతని అంచనాలో తప్పు లేదు.

"ఇక కొత్త డీజిల్ తెద్దాం," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఎనభై లీటర్లు. దగ్గర్లో పంపు ఎక్కడుంది?"

"అక్కర్లేదులే. అలా ఉండనీ."

"ఖాళీగానా? చలికాలమంతా? లోపల చెమర్చి మళ్లీ నీళ్లు చేరతాయి టాగే. ఇంత కడిగింది దండగ."

"ఉండనీ ఇంగ్వే. వాళ్లు వచ్చి ఏం పోసుకుంటారో పోసుకుంటారు."

"ఎవరు వాళ్లు?"

టాగే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "కీల్ నుంచి ఒక జర్మన్ జంట. మంచివాళ్లు. ట్యాంకులో బూజు పట్టిందని దాచకుండా చెప్పేశాను, కడిగినట్టు ఫొటోలు పంపిస్తే తీసుకుంటామన్నారు. నీకు చెప్పాననుకున్నానే?"

"చెప్పలేదు."

"చెప్పాననుకున్నా. ఆగస్టులోనే మాట అయిపోయింది." కాఫీ కప్పులు ఏరుతూ, "షెడ్డు వాళ్లని అడిగాను మొదట. కానీ ఈ పని నీకంటే బాగా ఎవరు చేస్తారు?" అన్నాడు.

"ఎవరూ చెయ్యరు," అన్నాడు ఇంగ్వే.

మూత ఇంకా బిగించలేదు. అతను మళ్లీ పక్కకు పడుకుని, ఒక చెయ్యి లోపలికి పెట్టి, రబ్బరు వాషరు సరిచేసి, ఒక్కొక్క స్క్రూనూ ఎదురెదురుగా వరస మార్చి బిగించాడు. ఒకే వైపు నుంచి వరసగా బిగిస్తే వాషరు వంకరపోయి నూనె కారుతుంది. పలక పెట్టాడు, పొయ్యి పెట్టాడు, గ్యాసు అతుకు మీద సబ్బు నురగ పూసి బుడగలు రావడం లేదని చూశాడు. టాగే అంతసేపూ నిలబడే ఉన్నాడు.

"భోజనానికి ఉండరాదూ. మా ఆవిడ చేపలు వేయిస్తోంది."

"ఆవిడ చెయ్యి ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కొంచెం బిగుసుకుపోయింది."

"నేను అడిగానని చెప్పు," అని సంచీ ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి గున్‌వోర్ వంటగదిలో ఉంది. అతను సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. నూనె వాసన పోలేదు.

"అయిందా పని?"

"అయింది."

"టాగే ఏమన్నాడు?"

"నాకంటే బాగా ఎవరూ చెయ్యరన్నాడు."

ఆమె ఎంతో సంతోషించింది. అన్నదమ్ములు కలిశారనుకుని, మర్నాడు పొద్దున మా ఇంటికి వచ్చి మరీ చెప్పింది. పడవ అమ్ముడుపోయిన సంగతి ఆమెకు ఇంకో వారం దాకా తెలియలేదు. అదీ టాగే భార్య ఫోన్‌లో వేరే విషయం మాట్లాడుతూ, టేర్నాను లారీ ఎక్కించారని, కీల్ వాళ్లు పేరు మార్చబోతున్నారట అని అంటే తెలిసింది.

గున్‌వోర్ ఫోన్ పెట్టేసి కింది గదిలోకి దిగింది. ఇంగ్వే అక్కడ తన పాత ఫిల్టర్లను, గొట్టాల ముక్కలను డబ్బాలోకి సర్దుతున్నాడు. రేవులోని పడవల క్లబ్బులో తన పేరు కొట్టేయమని ఆ పొద్దునే చెప్పి వచ్చాడట.

"నిజమేనా?" అని అడిగింది. "నీ చేత కడిగించుకుని అమ్మేశాడా?"

"అవును."

"మరి తెలిశాక కూడా ఎందుకు బిగించి వచ్చావు? అక్కడే పారేసి రావాల్సింది!"

అతను డబ్బా మూత మూసి అరలోకి ఎత్తి పెట్టాడు.

"అన్నీ విప్పేసి ఉన్నాయి గున్‌వోర్," అన్నాడు. "అలా ఎలా వదిలేసి వస్తాను?"